డిగ్రీలు లేనప్పుడు వేడిని ఎట్ల కొలిచేవాళ్లు?

వేడికి మన తెలుగులో చాలా మాటలు ఉన్నాయి. నులివెచ్చ, గోరువెచ్చ, వెచ్చన, సలసల కాగడం, కుతకుత ఉడకడం, భగభగ మండడం. ఇవి విన్నవెంటనే అర్థమవుతాయి. కానీ మా అమ్మ గోరువెచ్చన, మా నానమ్మ గోరువెచ్చన ఒకటి కావు. నానమ్మ పోసే "గోరువెచ్చని" నీళ్లకు మా తమ్ముడు కేకలు పెడతాడు. ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి కేక వినగానే ఇన్ని చన్నీళ్లు కలుపుతారు. మరి ఒకరు ఒక దేశంలో, ఇంకొకరు ఇంకో దేశంలో ఉంటే? ఒకరు బతికి ఉండి, ఇంకొకరు చనిపోయి రెండు వందల ఏళ్లయితే? అప్పుడు కేక వినపడదు. అంకె కావాలి.

ఆ అంకె ఎట్ల వచ్చిందో ఈ వ్యాసంలో రాస్తున్నాను. సైన్సు పాఠంలో మనం "నీరు 0 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అని బట్టీ పడతాం. కానీ ఆ 0, ఆ 100 నీళ్లలో రాసిపెట్టి లేవు. మనుషులు నూరేళ్లకు పైగా తర్జనభర్జన పడి కుదుర్చుకున్న ఒప్పందం అది. ఆ ఒప్పందానికీ, మన ధామన్కర్ నాకా చుట్టూ ఉన్న సాంచలకూ సంబంధం ఉంది. అందుకే మొదట మన సంగతితో మొదలుపెడతాను.

గంజి సంగతి

భివండీలో పుట్టిన మనకు సాంచల చప్పుడు కొత్త కాదు. పద్మానగర్‌లో ఉండే చాలా కుటుంబాల్లాగే మా తాత కూడా తెలంగాణ నుంచి, కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. అక్కడ ఆయన చేతిమగ్గం నేసేవాడు. పడుగు దారానికి గంజి పెట్టకపోతే మగ్గం మీద తెగిపోతుంది. అందుకని వీధిలో పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవాళ్లు. ఇక్కడ అదే పని సైజింగ్ కార్ఖానాలో జరుగుతుంది. మా బాపు అక్కడే పనిచేస్తాడు. దారాలు వేడి గంజి తొట్టిలో మునిగి, ఆవిరితో కాలే పెద్ద డ్రమ్ముల మీద ఆరి, బీముకు చుట్టుకుంటాయి.

నేను తాతను అడిగాను: "తాతా, గంజి అయ్యిందో లేదో ఎట్ల తెలుస్తుండె?"

"గరిటెతో ఎత్తి పోస్తే తీగ లెక్క జారాలె బిడ్డా. చుక్క తీసి రెండేళ్ల మధ్యన రుద్దితే జిగురు తెలుస్తది. గంతే" అన్నాడు.

బాపును అడిగితే, "మీటరు చూస్తం" అన్నాడు.

తాత చెప్పింది తప్పు కాదు. మొక్కజొన్న పిండిని నీళ్లలో వేడి చేస్తే సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్య దాని రేణువులు నీళ్లు తాగి ఉబ్బి చిక్కబడతాయి. తాత వేళ్లు పట్టుకున్నది ఆ మార్పునే. కానీ సైజింగ్‌లో తొట్టి వేడి గంటల తరబడి ఒకే తీరుగా ఉండాలి. వేడి తగ్గితే గంజి చిక్కబడి దారం లోపలికి పోకుండా పైపైన అంటుకుంటుంది. తర్వాత సాంచ మీద ఆ దారం తెగుతుంది. దారం తెగితే సాంచ ఆగుతుంది, సాంచ ఆగితే మీటరు లెక్కన పనిచేసే మనిషికి కూలి ఆగుతుంది. డిగ్రీ అంటే మన బస్తీలో అన్నం లెక్క. ఇది తెలిసిన తర్వాతే నాకు డిగ్రీల చరిత్ర చదవాలనిపించింది.

వెన్న కరిగే వేడి

1600ల మొదట్లో ఇటలీలో గెలీలియో, సాంక్టోరియస్ వంటివాళ్లు గాజు గొట్టంలో గాలి వ్యాకోచించడం చూసి వేడి పెరిగిందో తగ్గిందో చెప్పే పరికరాలు వాడారు. కానీ ఎంత పెరిగింది అంటే చెప్పలేకపోయారు. కొలవాలంటే రెండు గుర్తులు కావాలి. ఆ రెండూ ఎక్కడైనా, ఎప్పుడైనా మారకుండా ఉండాలి. వాటి మధ్య దూరాన్ని సమానంగా పంచితే డిగ్రీలు వస్తాయి.

ఏ గుర్తులు? ఇక్కడే పెద్ద గొడవ. కొందరు ఆ ఏడాదిలో అతి చల్లని రోజు, అతి వేడి రోజు తీసుకున్నారు. కానీ పోయిన ఏటి ఎండ ఈ ఏడు ఉండదు కదా. 1688లో ఫ్రాన్సుకు చెందిన దలాన్సే అనే ఆయన వెన్న కరిగే వేడిని గుర్తుగా పెట్టుకోవచ్చన్నాడు. మన ఇళ్లలో అయితే గేదె వెన్నా, ఆవు వెన్నా ఒకే తీరుగా కరగవని ఏ అమ్మమ్మ అయినా చెప్పేది.

1701లో ఐజాక్ న్యూటన్ తన పేరు వేసుకోకుండానే ఒక వేడి పట్టిక ప్రచురించాడు. ఆయన థర్మామీటరులో పోసింది అవిసె నూనె. మంచు కరిగే చోట 0, మనిషి ఒంటి వేడి దగ్గర 12. తగరం, సీసం వంటి లోహాలు కరిగే వేడిని కూడా ఆ పట్టికలో చేర్చాడు. ద్రవీభవన స్థానాలు ఒక వరుసలో రాసిన తొలి పట్టికల్లో అదొకటి.

డేనియల్ ఫారెన్‌హీట్ 1686లో డాన్‌జిగ్ పట్టణంలో పుట్టి హాలండులో స్థిరపడిన పరికరాల తయారీదారు. 1714లో ఆయన పాదరసంతో నమ్మకమైన థర్మామీటరు చేశాడు. పాదరసం గాజుకు అంటుకోదు, మైనస్ 39 వరకు గడ్డకట్టదు, 357 వరకు మరగదు. అందుకే అది బాగా పనికొచ్చింది. 1724లో తన స్కేలు గురించి రాశాడు. మంచు, నీళ్లు, నవాసాగరం కలిపిన మిశ్రమం 0. ఒట్టి మంచునీళ్లు 32. ఆరోగ్యవంతుడి ఒంటి వేడి 96. తర్వాత నీటి మరుగు స్థానాన్ని 212గా ఖాయం చేశారు.

1742లో స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ ఈ లెక్కను సులభం చేశాడు. మంచు కరగడం ఒక గుర్తు, నీళ్లు మరగడం ఇంకో గుర్తు, మధ్యలో నూరు భాగాలు. కానీ ఆయన స్కేలు మనకు తెలిసినదానికి తలకిందులు. మరిగే నీళ్లకు 0, మంచుకు 100! 1744లో సెల్సియస్ చనిపోయాడు. ఆ రోజుల్లోనే ఇతరులు దాన్ని తిప్పి ఇప్పుడున్నట్టు పెట్టారు. "సెంటీగ్రేడ్" అనే పేరు తీసి ఆయన గౌరవార్థం "సెల్సియస్" అని అంతర్జాతీయంగా నిర్ణయించింది 1948లో.

మధ్యలో ఎంత గందరగోళం ఉండేదంటే, 1754 నాటి ఒక డచ్చి థర్మామీటరు మీద 18 రకాల స్కేళ్లు పక్కపక్కన రాసి ఉన్నాయి. ఎవరి అంకె వాళ్లది.

నీళ్లు కూడా మాట తప్పుతాయి

నీళ్లు మరగడం మారని గుర్తు అనుకున్నారు కదా. కానీ గాలి ఒత్తిడిని బట్టి మరుగు స్థానం మారుతుందని ఫారెన్‌హీట్ గమనించాడు. అంతకుముందే 1679లో డెనిస్ పాపిన్ గట్టి మూత ఉన్న పాత్రలో ఆవిరిని బంధించి ఎముకలను కూడా మెత్తగా ఉడికించి చూపించాడు. అది మన ప్రెషర్ కుక్కరుకు తాత. పాత్ర పేలిపోకుండా దానికి సేఫ్టీ వాల్వు పెట్టింది కూడా ఆయనే. కుక్కరులో నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది.

ఒత్తిడి తగ్గితే దీనికి ఉల్టా జరుగుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న భివండీలో నీళ్లు దాదాపు 100 దగ్గర మరిగితే, 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 98 దగ్గరే మరుగుతాయి. లేహ్‌లో 88 చాలు. ఎవరెస్టు శిఖరం మీద 70 దగ్గరే మరిగిపోతాయి. అక్కడ నీళ్లు తెర్లుతూ కనిపించినా బియ్యం సరిగా ఉడకవు.

ఈ చిక్కు తీర్చడానికి లండన్‌లోని రాయల్ సొసైటీ 1776లో హెన్రీ కావెండిష్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఏడుగురు పండితులు కూర్చుని నీళ్లు మరిగించారన్న మాట! వాళ్లు తేల్చింది ఇది: గాలి ఒత్తిడి ఎంత ఉన్నప్పుడు అనేది ముందే ఒప్పుకోవాలి. థర్మామీటరును మరిగే నీళ్లలో కాదు, ఆ నీళ్ల పైన ఉన్న ఆవిరిలో ఉంచాలి. ఎందుకంటే పాత్రను బట్టి నీళ్ల వేడి కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఆవిరి మాత్రం నిలకడగా ఉంటుంది.

ఇది చదివి బాపుకు చెప్తే ఆయనకు వింత అనిపించలేదు. సైజింగ్‌లో బాయిలరు దగ్గర పనిచేసేవాళ్లు ఒత్తిడి గేజి మీద కన్నుపెట్టి ఉంటారు. గేజి 4 కిలోలు చూపిస్తే లోపల నీళ్లు సుమారు 150 డిగ్రీల మీద ఉన్నట్టు. అంత వేడి నీళ్లు ఒక్కసారి బయటపడితే క్షణంలో ఆవిరై ఎన్నో రెట్లు వ్యాపిస్తాయి. బాయిలర్లకు రిజిస్ట్రేషనూ, తనిఖీ ఉండాలని మన దేశంలో 1923లోనే చట్టం వచ్చింది అందుకే. చేత్తో తాకి చూడలేని వేడి అది. అక్కడ గరిటె, వేళ్లు పనికిరావు. అంకె ఒక్కటే మనిషిని కాపాడుతుంది.

సూర్యుడికన్నా వేడి ఇనుమా?

పాదరసం మరిగిపోయేంత వేడిని ఎట్ల కొలవాలి? ఇంగ్లాండులో జోసయా వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ పాత్రల తయారీదారుకు తన బట్టీ వేడి తెలియాలి. 1782లో ఆయన ఒక ఉపాయం చెప్పాడు. మట్టి బిళ్లను బట్టీలో పెట్టాలి. ఎంత వేడికి అంత కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుంటే అన్ని డిగ్రీలు. ఉపాయం మంచిదే, కానీ దాన్ని ఫారెన్‌హీట్ అంకెల్లోకి మార్చడంలో లెక్క బెడిసింది. పోత ఇనుము 17,977 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కరుగుతుందని వచ్చింది. అంటే సెల్సియస్‌లో దాదాపు 10,000. సూర్యుడి ఉపరితలమే సుమారు 5,500 సెల్సియస్! అసలైతే పోత ఇనుము కరగడానికి 1,200 సెల్సియస్ దరిదాపు చాలు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆయన లెక్కలో రాగి వెండికన్నా ముందు కరుగుతుంది. నిజానికి వెండి 962 దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. కరీంనగర్‌లో వెండి తీగతో నగిషీ చేసే పనివాళ్లలో ఎవరిని అడిగినా ముందు వెండే కరుగుతుందని చెప్తారు.

అదే కాలంలో మన తెలంగాణలో, ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, కమ్మరులు థర్మామీటరు అనే మాట వినకుండానే ఉక్కు కరిగిస్తున్నారు. మూసిన మట్టి మూసల్లో ఇనుము పెట్టి, బొగ్గుల మంటలో తిత్తులు ఊదేవాళ్లు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కానీ ఇనుములో కార్బన్ చేరితే కరిగే స్థానం కిందికి దిగుతుంది. ఉప్పు కలిపితే మంచు సున్నాకన్నా తక్కువ వేడిలోనే కరిగినట్టు. దక్షిణాదిలో కొన్నిచోట్ల మూసలో ఆకులు, కట్టె ముక్కలు వేసేవాళ్లు. కోనసముద్రంలో రెండు రకాల ఇనుమును కలిపేవాళ్లు. ఏ పాళ్లలో కలపాలో, మంట ఏ రంగుకు వస్తే ఆపాలో వాళ్ల కంటికి తెలుసు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి కోనసముద్రంలో మకాం పెట్టేవాళ్లు.

ఇంగ్లీషులో ఆ ఉక్కును "వూట్జ్" అన్నారు. ఆ పేరు మన "ఉక్కు" మాట నుంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్‌లో ఆ ఉక్కును పరీక్షించి వ్యాసం చదివాడు. ఆ వ్యాసం పేరులో "బొంబాయిలో తయారయ్యే ఉక్కు" అని ఉంది. ఎందుకంటే నమూనాలు బొంబాయి నుంచి ఓడలో వెళ్లాయి. మన పక్కనున్న బొంబాయి పేరు పడింది కానీ, చేసిన కమ్మరుల పేర్లు ఎక్కడా పడలేదు.

కోనసముద్రం పనిని కళ్లారా చూసి రాసిన వాళ్లలో హెన్రీ వోయ్సే ముఖ్యుడు. ఆయన విలియం లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త. ఆ సర్వేకు కూడా థర్మామీటరు ప్రాణం. 1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ మద్రాసులో వంద అడుగుల ఉక్కు గొలుసుతో భూమి కొలవడం మొదలుపెట్టాడు. ఎండకు గొలుసు సాగుతుంది. పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక్క సెల్సియస్ డిగ్రీ తేడా వస్తే కొలత సుమారు 14 సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకని గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, నీడ పట్టి, పక్కనే థర్మామీటర్లు పెట్టి కొలిచారు. 1815లో బీదర్ దగ్గర కూడా ఇట్లాంటి కొలతే జరిగింది. ఒకవైపు ఉక్కు గొలుసు సాగడాన్ని డిగ్రీల్లో లెక్కేసే దొరలు. ఇంకోవైపు డిగ్రీలు లేకుండానే ఉక్కును కరిగించే కమ్మరులు. ఇద్దరూ ఒకే నేల మీద, ఒకే కాలంలో ఉన్నారు.

వోయ్సే రాసిన వివరం 1832లో, ఆయన చనిపోయిన తర్వాత అచ్చయింది. ఆ శతాబ్దంలోనే యూరప్ ఉక్కు చవగ్గా వచ్చి మన కొలుములు చల్లారాయి. కమ్మరుల కన్ను వాళ్లతోనే పోయింది. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఆ వేడిని ఇంకొకరికి అందించే అంకె వాళ్ల చేతిలో లేక. వెడ్జ్‌వుడ్ అంకె తప్పు, కానీ రాసి ఉంది కాబట్టి తర్వాతివాళ్లు దిద్దారు. కోనసముద్రం చూపు సరైనది, కానీ రాసి లేదు కాబట్టి ఇప్పటి శాస్త్రవేత్తలు పాత మూసల ముక్కలు ఏరి, పరీక్షలు చేసి తెలుసుకోవాల్సి వస్తోంది.

మన చుట్టూ ఉన్నవి

తోటి విద్యార్థుల కోసం మనం రోజూ చూసే కొన్ని వస్తువుల అంకెలు సెల్సియస్‌లో ఇస్తున్నాను.

కరిగేవి: కొబ్బరినూనె సుమారు 24. అందుకే చలికాలం ఊరికి పోతే సీసాలో గడ్డకడుతుంది, భివండీలో అరుదు. నాఫ్తలీన్ గోలీలు 80. తగరం 232. సీసం 327. జింకు 420. అల్యూమినియం 660. బంగారం 1064.

మరిగేవి: స్పిరిట్‌లో ఉండే ఆల్కహాలు 78. జింకు 907. గాలిలోని నైట్రోజన్ మైనస్ 196.

మన సాంచల మీద నేసే పాలిస్టర్ సుమారు 260 దగ్గర కరుగుతుంది. నూలు అసలు కరగదు, మాడిపోతుంది. గుడ్డ అంచు దారం తీసి పెద్దవాళ్ల ముందు అగ్గిపుల్లతో కాలిస్తే తేడా తెలుస్తుంది. పాలిస్టర్ ముద్దకట్టి గట్టి పూస అవుతుంది, నూలు బూడిద అవుతుంది. మన బట్టల వ్యాపారులు ద్రవీభవన స్థానం అనే మాట వాడకుండానే ఈ పరీక్ష చేస్తారు.

జ్వరం అంకె

ఇప్పటికీ మన ఇళ్లలో రెండు స్కేళ్లు నడుస్తున్నాయి. ఎండ అయితే "నలభై రెండు", జ్వరం అయితే "నూట రెండు". మొదటిది సెల్సియస్, రెండోది ఫారెన్‌హీట్. మా చాళీలో ఒక అక్క కొత్త డిజిటల్ థర్మామీటరు కొన్నది. బాబుకు పెడితే 39.2 చూపించింది. "తొంభై ఎనిమిదికి చాలా తక్కువే ఉంది, జ్వరం లేదు" అనుకొని ఆమె నిమ్మళంగా ఉంది. పక్కింటి ముసలమ్మ పిల్లవాడి నుదురు ముట్టుకొని "ఒళ్లు పెనం లెక్క కాలుతాంది, దవాఖానకు తీస్కపోరి" అన్నది. 39.2 సెల్సియస్ అంటే 102.5 ఫారెన్‌హీట్ దాటినట్టు. డాక్టరు మందిచ్చాడు, బాబు కోలుకున్నాడు.

మార్చే పద్ధతి అందరికీ ఉపయోగపడుతుంది. సెల్సియస్ అంకెను 1.8తో గుణించి 32 కలపాలి. ఇంత కూడా వద్దంటే రెండే గుర్తుపెట్టుకోండి: 37 అంటే 98.6, 38 అంటే 100.4. ఆ 98.6 కూడా 1868లో జర్మనీ డాక్టరు కార్ల్ వుండర్‌లిష్ దాదాపు 25,000 మంది రోగులను కొలిచి చెప్పిన 37 సెల్సియస్‌కు ఫారెన్‌హీట్ రూపమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా అది పొద్దున, సాయంత్రం కొంచెం మారుతుంది.

చివరి ఒప్పందం

వెన్న మారుతుంది, నీళ్ల మరుగు మారుతుంది. మరి ఏది మారదు? 1848లో విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, ఏ వస్తువు మీదా ఆధారపడని స్కేలు కావాలన్నాడు. ఆ స్కేలులో సున్నా మైనస్ 273.15 సెల్సియస్ దగ్గర ఉంది. అంతకన్నా కిందికి చల్లదనం లేదు. 1954లో మంచు, నీళ్లు, ఆవిరి మూడూ కలిసి ఉండగలిగే ఒకే ఒక్క స్థితిని 273.16 కెల్విన్‌గా ఖాయం చేశారు. 2019 మే 20 నుంచి నీళ్లనే వదిలేసి, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం అనే ప్రకృతి అంకె మీద కెల్విన్‌ను నిలబెట్టారు. గోరువెచ్చ నుంచి అక్కడిదాకా వచ్చాం.

ఈ చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఒకటి. తాత వేళ్లు, ముసలమ్మ అరచెయ్యి, కమ్మరి కన్ను తక్కువవి కావు. వేడిని ముందు కనిపెట్టింది అవే. కానీ చెయ్యి మనిషితో పోతుంది, అంకె మిగులుతుంది. చెయ్యి పక్కింటిదాకా పోతుంది, అంకె ఇంకో దేశానికి పోతుంది. అందుకే మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతికి తెలిసినదాన్ని మనం కాగితం మీద అంకెల్లో రాసిపెట్టాలి.

ఒక పని చేద్దామని మా సైన్సు సారుకు చెప్పాను, ఆయన సరే అన్నారు. ఈ వేసవి సెలవుల్లో ఊరికి పోయేవాళ్లు ప్రయోగశాల థర్మామీటరు వాడి, పెద్దవాళ్లను పక్కన పెట్టుకొని, అక్కడ నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరిగాయో రాసుకొని రావాలి. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం వేడినీళ్లలో పెట్టొద్దు, పగిలిపోతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, హైదరాబాద్, భివండీ అంకెలన్నీ ఒకచోట రాస్తే, ఏ ఊరు ఎంత ఎత్తున ఉందో మన నీళ్లే చెప్తాయి. పట్టికలో మీ ఊరి పేరు కోసం ఒక వరుస ఖాళీ ఉంచాను.